నలుగురి డబ్బు – ఒక ఓడ ప్రయాణం

మీరెప్పుడైనా ఓడ ఎక్కారా? పులికాట్‌లో పడవ, పాపికొండల దగ్గర లాంచీ లెక్కలోకి రావు. నేనడిగేది లిఫ్టులూ, ఈతకొలనూ, భోజనశాలలూ ఉండే పెద్ద ఓడ సంగతి. యాభై ఎనిమిదేళ్ళు వచ్చేదాకా నేనూ ఎక్కలేదు. ఎక్కాలని అనుకోనూ లేదు. మాది పాత చిత్తూరు జిల్లా. ఆ జిల్లాకు సముద్రమే లేదు కదా! 2022 ఏప్రిల్‌లో తిరుపతి జిల్లా ఏర్పడి, సూళ్ళూరుపేట వైపు మండలాలు కలిశాక గానీ మనకంటూ ఒక తీరం రాలేదు. అంతవరకూ సముద్రం చూడాలంటే రైలెక్కి మద్రాసు పోవడం, మెరీనాలో చీర కుచ్చెళ్ళు తడుపుకోవడం, మిరపకాయ బజ్జీ తిని సాయంత్రం బండికి తిరిగి రావడం. అంతే.

అలాంటి నా నెత్తిన ఒకరోజు పొద్దున్నే ఓడ వచ్చి పడింది. దినపత్రిక మధ్యలోంచి జారిన రంగుల కాగితం అది. "సముద్రం మీద రెండు రాత్రులు. చెన్నై నుంచి చెన్నైకి. మనిషికి 19,999 రూపాయలు మాత్రమే" అని ఉంది. ఆ 'మాత్రమే' చూసి నవ్వుకుని, అలమర అరలో పరుద్దామని పక్కన పెట్టాను. సరిగ్గా అప్పుడే మూలింటి పెద్దమ్మ వచ్చింది.

పెద్దమ్మ గురించి మీకు చెప్పాలి. వయసు అరవై ఆరు. పెదనాయన పోయి పద్దెనిమిదేళ్ళయింది. తెల్లవారుజామున నాలుగింటికి లేచి మురుకులూ నిప్పట్లూ కాల్చి అంగళ్ళకు వేస్తుంది. ఎవరి ముందూ చెయ్యి చాచదు. ఆ కాగితం తీసుకుని, కళ్ళద్దాలు సర్దుకుని చాలాసేపు చూసింది. "అమ్మీ, నడి సముద్రంలో నిలబడితే నాలుగు పక్కలా నీళ్ళేనంట గదా. సూర్యుడు ఆ నీళ్ళల్లోంచే పైకి లేస్తాడంట. అది చూడాలని నాకు చిన్నప్పటి నుంచీ ఆశ" అంది. పెద్దమ్మ నోట 'ఆశ' అనే మాట వినడం నాకదే మొదలు.

మా వీధిలో నలుగురం ఆడవాళ్ళం కలిసి ఐదేళ్ళుగా నెలకు 500 రూపాయల చొప్పున యాత్రల కోసం దాచుకుంటున్నాం. నేను, పెద్దమ్మ, టీచరుగా చేసి రిటైరైన ఎదురింటి అక్క, మేడమీద అద్దెకున్న చెల్లెలు. ఒక్కొక్కరివి 30 వేలు, మొత్తం 1,20,000. ఆ డబ్బు నా పేరనే పోస్టాఫీసులో ఉంది. ఇప్పుడర్థమైందా నా కష్టం? నా ఒక్కదాని డబ్బయితే పోయినా మా వారి చేత నాలుగు మాటలు పడి ఊరుకుంటాను. ఇది నలుగురి డబ్బు. అందులో నాలుగో వంతు పొయ్యి సెగలో సంపాదించిన మురుకుల డబ్బు.

ఇంకో సంగతి కూడా ఉంది. దాచకుండా చెబుతాను. 2018లో కాశీయాత్రకని మా వాళ్ళను పదకొండు మందిని పోగేసింది నేనే. ఒక ఏజెంటు ఇంటికే వచ్చి, తియ్యగా మాట్లాడి, సగం డబ్బు చేతికి తీసుకుని చీటీ ముక్క మీద సంతకం పెట్టిచ్చాడు. తీరా రాత్రి పదింటికి కాశీలో దిగితే, మా పేర్ల మీద గదులే లేవన్నారు. అతని ఫోను మోగుతూనే ఉంది గానీ ఎత్తిన పాపాన పోలేదు. ఒక సత్రం వాళ్ళు దయతలచి వరండాలో చోటిస్తే, సంచులు తలకింద పెట్టుకుని పడుకున్నాం. వచ్చాక అడిగితే "రసీదు చూపించండి" అన్నాడు. చీటీ ముక్క మీద ఏముంది? 'అడ్వాన్సు ముట్టినది' అని మాత్రమే ఉంది. దేనికి ముట్టిందో లేదు.

అందరూ నన్ను ఏదో ఒక మాట అన్నారు, పెద్దమ్మ తప్ప. ఆమె ఆ మాట ఎత్తనే లేదు. నాకు ఎక్కువ బాధ కలిగించింది అదే.

కాబట్టి ఈసారి కాగితం పట్టుకుని వెంటనే పరుగెత్తలేదు. ముందు ఇంట్లో అడిగాను. మా వారు పేపరు దించకుండానే "కచ్చులూరు మర్చిపోయావా?" అన్నారు. ఎలా మర్చిపోతాం? 2019 సెప్టెంబరు 15న గోదావరి వరద మీద ఉండగా పాపికొండలకు బయల్దేరిన పడవ కచ్చులూరు దగ్గర మునిగి 50 మంది దాకా చనిపోయారు. అందులో మన తిరుపతి వాళ్ళూ ఉన్నారు. "అది నదిలో చిన్న పడవ, ఇది సముద్రం మీద తిరగడానికే కట్టిన ఓడ" అన్నాను. "ఎక్కే ముందు అడగాల్సింది మాత్రం ఒకటే. ఎవరి అనుమతితో వెళుతోంది, ఏదైనా అయితే ఎవరు జవాబు చెబుతారు?" అన్నారు. ఆయన ఉద్దేశం నన్ను ఆపాలని. నాకు మాత్రం ఆ మాటే దారి చూపించింది.

బెంగుళూరులో ఉన్న మా అబ్బాయి ఫోనులో "ఏజెంటెందుకమ్మా దండగ? నేనే ఇంటర్నెట్‌లో బుక్ చేస్తా, పది నిమిషాల పని" అన్నాడు. వాడు చెప్పింది అబద్ధం కాదు. కానీ వాడికి రాత్రి డ్యూటీలు. రేపు ప్రయాణం తేదీ మారితే, ఒకరు రాలేకపోతే, డబ్బు వాపసు రావలసి వస్తే ఆ ఇంగ్లీషు ఫోన్లు గంటలకొద్దీ పట్టుకుని కూర్చునేదెవరు? పది నిమిషాల పని బుక్ చేయడం వరకే. ఆ తర్వాతి పని ఎవరిదని అడిగితే వాడు నవ్వి ఊరుకున్నాడు.

ఇక్కడ ఒక విషయం తెలుసుకున్నాను. సాధారణంగా ఓడ టిక్కెట్టు మీద ఏజెంటుకు కమిషన్ ఇచ్చేది ఓడ కంపెనీయే. అందుచేత కంపెనీ ధరా, ఏజెంటు ధరా చాలాసార్లు దగ్గర దగ్గరగానే ఉంటాయి. ఏజెంటు అనగానే మన జేబుకు చిల్లు అనుకోనక్కర్లేదు. అయితే అతనికి కమిషన్ వస్తున్నది మన పని చేసినందుకు. ఆ పని చేసే మనిషా కాదా అన్నదే మనం చూసుకోవాలి.

ఎదురింటి అక్కా నేనూ కలిసి కాగితం వేసిన ఆఫీసుకే ముందు వెళ్ళాం. చల్లగా ఏసీ, గోడ నిండా ఓడల బొమ్మలు. అక్కడి అబ్బాయి "రండక్కా, కూర్చోండక్కా" అని కాఫీ తెప్పించాడు. 19,999లో ఏమేం కలిశాయని అడిగాము. అప్పుడొక్కొక్కటే బయటికొచ్చాయి. అది కిటికీ లేని లోపలి గది ధర. ఇద్దరు కలిసి ఉంటే మనిషికి పడే లెక్క. రేవు రుసుము వేరు, ఓడలో పనివాళ్ళ సేవా రుసుము వేరు, జీఎస్టీ వేరు. అన్నీ కూడితే 26 వేలు దాటింది. మా ముఖాలు చూసి, "బిల్లు వద్దంటే 25 వేలకు చేస్తానక్కా, సాయంత్రం లోగా నా నంబరుకు పంపించండి. రేపయితే ఈ ధర ఉండదు" అన్నాడు.

అక్క టీచరు కదా, ఊరుకోదు. "మాలో ఒకమ్మాయి కడుపుతో ఉంది. ప్రయాణం నాటికి ఇరవై ఐదు వారాలవుతాయి. ఫర్వాలేదా?" అంది. ఆ అబ్బాయి క్షణం కూడా ఆలోచించలేదు. "చెప్పకుంటే ఎవరికి తెలుస్తుందక్కా? లూజు డ్రస్సు వేసుకుని రమ్మనండి" అన్నాడు.

మేమిద్దరం కాఫీ సగంలో వదిలేసి లేచాం. వెయ్యి రూపాయల తగ్గింపు కోసం నిండు కడుపుతో ఉన్న పిల్లను నడి సముద్రానికి పంపిస్తానన్న మనిషి, రేపు అక్కడ ఏదైనా జరిగితే మన ఫోను ఎత్తుతాడా? కాశీలో మోగిన ఫోను నా చెవిలో మళ్ళీ మోగింది.

రెండో ఆఫీసు రైల్వే స్టేషను వైపు, ఒక పాత మేడ మీద. ఏసీ లేదు. పెద్దాయన ఒకరు, రిజిస్టర్లు రాసుకుంటూ ఒకమ్మాయి. ఆయన ముందు మా ఆధార్ కాపీలు అడిగారు. "టిక్కెట్టులో పేరు, కార్డులో పేరు ఒక్కలాగే ఉండాలమ్మా. నోటితో చెబితే రాసుకోను" అన్నారు. కడుపుతో ఉన్న అమ్మాయి సంగతి చెప్పగానే కలం కింద పెట్టేశారు. "ఇరవై నాలుగు వారాలు దాటితే చాలా ఓడ కంపెనీలు ఎక్కించుకోవు. ఓడలో డాక్టరు ఉంటాడు గానీ కాన్పు చేసే ఆసుపత్రి ఉండదు కదా. రేవు దాకా వచ్చి వెనక్కి పోవలసొస్తే టిక్కెట్టు డబ్బూ రాదు. ఆ అమ్మాయికి నేను టిక్కెట్టు ఇవ్వనమ్మా" అన్నారు. ఒక బేరం తానే వదులుకున్నాడా పెద్దాయన!

విశాఖ, పుదుచ్చేరి కలిసి వచ్చే ఐదు రాత్రుల ప్రయాణం గురించి కూడా అడిగాం. అప్పుడాయన ఒక సంగతి చెప్పారు. 2022 జూన్ 4న తమిళనాడు ముఖ్యమంత్రి స్టాలిన్ జెండా ఊపగా కార్డీలియా సంస్థ వారి 'ఎంప్రెస్' ఓడ చెన్నై రేవు నుంచి తిరగడం మొదలుపెట్టింది. 1990లో ఫ్రాన్సులో కట్టిన పదకొండు అంతస్తుల ఓడ అది. విశాఖ, పుదుచ్చేరి చూపించి తిరిగి చెన్నై చేర్చాలన్నది ఏర్పాటు. విశాఖ వెళ్ళింది. కానీ ఓడలో జూదశాల ఉందన్న గొడవ వచ్చి, పుదుచ్చేరి ప్రభుత్వం అనుమతి ఇవ్వలేదు. ప్రయాణికులు అక్కడ దిగకుండానే చెన్నైకి వచ్చేశారు. మళ్ళీ 2025 జూలైలో గానీ ఆ ఓడ పుదుచ్చేరి రాలేదు.

"కాగితంలో ఊరి పేరు ఉన్నంత మాత్రాన ఓడ అక్కడ ఆగుతుందని నేను మాటివ్వలేనమ్మా. గాలివాన వచ్చినా, అనుమతి రాకపోయినా దారి మార్చుకునే హక్కు కంపెనీకి ఉంటుందని టిక్కెట్టు షరతుల్లోనే రాసి ఉంటుంది. ఊళ్ళు చూడాలనుకుంటే రైల్లో పొండి. సముద్రం చూడాలనుకుంటే ఓడెక్కండి" అన్నారు.

పెద్దమ్మకు కావలసింది ఊళ్ళు కాదు కదా! రెండు రాత్రుల ప్రయాణమే చాలనుకున్నాం.

ఆయన లెక్క మనిషికి 26,400. బిల్లు లేని ధర కంటే 1,400 ఎక్కువ. అక్కడే "కట్టేస్తాం" అనబోయి ఆగాను. కాశీ అప్పుడు నేను చేసిన అసలు తప్పు ఏజెంటును నమ్మడం ఒక్కటే కాదు. పదకొండు మంది తరఫున నేనొక్కదాన్నే నమ్మేశాను. "లెక్క మొత్తం కాగితం మీద రాసివ్వండి, ఇంటికి పోయి చెబుతాం" అన్నాను. ఆయన విసుక్కోలేదు. ఆఫీసు పేరు, జీఎస్టీ నంబరు అచ్చువేసిన కాగితం మీద విడివిడిగా అన్నీ రాసిచ్చారు.

ఆ సాయంత్రం మా వసారాలో నలుగురం కూర్చున్నాం. అక్క పెద్దగా చదివింది. ఎన్ని రోజుల ముందు మానుకుంటే ఎంత కోసుకుంటారు? ప్రయాణం దగ్గరపడే కొద్దీ కోత పెరుగుతుంది. కంపెనీయే రద్దుచేస్తే ఏమిస్తారు? గదిలో ముగ్గురుంటే ధరెంత? ప్రతిదానికీ జవాబు ఆ కాగితంలో ఉంది. మా అబ్బాయి జీఎస్టీ నంబరు వెబ్‌సైటులో కొట్టి చూసి, అదే ఆఫీసు పేరు వస్తోందని ఫోన్ చేశాడు. ఆన్‌లైన్ ధర కూడా చూశాడట. 300 రూపాయలు తేడా. "అయితే పెద్దాయన దగ్గరే కట్టమ్మా" అన్నాడు.

మేడమీద చెల్లెలి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆమె మానుకోవలసిందే. ఆమె 30 వేలు పోస్టాఫీసులోనే భద్రంగా ఉన్నాయి. పెద్దమ్మ ఆమె తల నిమిరి, "నీ బిడ్డకు రెండేండ్లు రానీ, వాడినీ తీసుకుని మళ్ళీ పోదాం. నేను ఉంటే" అంది. "ఉంటావులే పెద్దమ్మా" అన్నాం ముగ్గురం ఒక్కసారే.

నలుగురు ముగ్గురయ్యేసరికి గది సమస్య వచ్చింది. ఓడలో ధర ఇద్దరికి ఒక గది లెక్కన ఉంటుంది. ఒంటరిగా గది తీసుకుంటే ఇంచుమించు రెండు టిక్కెట్ల ఖర్చు. అదే మూడో మనిషి అదే గదిలో సర్దుకుంటే ఆమెకు తక్కువ. కాకపోతే మూడో పడక గోడలోంచి దించే పై బెర్తు. పెద్దమ్మకు మోకాళ్ళు, అక్కకు నడుము. ఇంకెవరు మిగిలారు? అలిపిరి మెట్లలో మోకాళ్ళ పర్వతం ఎక్కినట్టే ఎక్కుతానన్నాను.

మర్నాడు డబ్బు తీసి ఎవరి వాటా వారి చేతికే ఇచ్చాను. ముగ్గురం కలిసి వెళ్ళి, ఎవరి డబ్బు వారు ఆఫీసు బ్యాంకు ఖాతాలోనే కట్టి, ఎవరి రసీదు వారు తీసుకున్నాం. పెద్దమ్మ తన రసీదు నాలుగు మడతలు పెట్టి రవికలో దోపుకుంది. ఐదేళ్ళుగా నా మీద ఉన్న బరువు ఆ క్షణంలో దిగినట్టయింది.

ప్రయాణం ఎలా జరిగిందని అడుగుతారు కదూ? బయల్దేరే ముందురోజు రాత్రి పెద్దాయన ఫోన్ చేశారు. "ఓడ రేవుకు ఆలస్యంగా వస్తోందమ్మా. తెల్లవారుజామున పరుగెత్తకండి, రెండో బండికి పోయినా చాలు" అన్నారు. పెద్దమ్మ మోకాళ్ళతో రేవులో నాలుగు గంటలు పడిగాపులు పడాల్సిన పని తప్పింది. మేమిచ్చిన డబ్బుకు ఆ ఒక్క ఫోను చాలనిపించింది నాకు. ఓడలోకి ఇంటి తినుబండారాలు రానివ్వరని కూడా ఆయనే ముందుగా చెప్పారు. అందుకని పెద్దమ్మ తెచ్చిన నిప్పట్ల డబ్బా చెన్నై రైల్లోనే ఖాళీ అయింది. పక్క సీటు వాళ్ళు చిరునామా కూడా రాసుకున్నారు!

మొదటి రాత్రి అక్కకు కడుపులో తిప్పింది. వాంతుల మాత్ర ముందుగానే వేసుకోవాలని డాక్టరు చెప్పినా, "నాకేం కాదు" అని మొండికేసింది. నడి సముద్రంలో ఫోన్లు పనిచేయలేదు. ఇంటికి ముందే చెప్పి ఉండబట్టి మా వారు కంగారు పడలేదు. భోజనం బాగానే ఉంది గానీ, రసం మాత్రం మన రసం కాదు.

రెండో రోజు తెల్లవారుజామున పెద్దమ్మ నన్ను తట్టి లేపింది. పై అంతస్తుకు వెళ్ళాం. మబ్బు పట్టి ఉంది. సూర్యుడు కనబడడేమోనని నాకు గుబులు. కాసేపటికి మబ్బు అంచున ఎర్రటి గీత ఒకటి పడి, నీళ్ళ మీద పొడుగ్గా పాకింది. నాలుగు పక్కలా నీళ్ళే. పెద్దమ్మ కమ్మీ పట్టుకుని నిలబడి దణ్ణం పెట్టుకుంది. చాలాసేపటికి "ఈ వేళప్పుడు నేను పొయ్యి ముందర ఉండేదాన్ని" అంది. అంతకు మించి ఏమీ మాట్లాడలేదు. నేనూ మాట్లాడించలేదు.

ఇక మీ సంగతి. ఏజెంటు ద్వారా వెళ్ళాలా, సొంతంగా బుక్ చేసుకోవాలా అని నన్నడిగితే, మీ ఇంట్లో తీరికగా ఫోన్లు పట్టుకుని అడగగలిగిన మనిషి ఉంటే సొంతంగానే చేసుకోండి. లేకపోతే ఏజెంటు దగ్గరికి వెళ్ళండి, తప్పు లేదు. కానీ డబ్బు కట్టే ముందు అతన్ని ఒక చిక్కు ప్రశ్న అడగండి. అతనికి బేరం పోయే ప్రశ్న అయి ఉండాలి. నిజం చెబుతాడా, "ఏం కాదులెండి" అంటాడా చూడండి. 'సాయంత్రంలోగా' అని తొందరపెట్టేవాడి దగ్గర మర్నాటి దాకా ఆగండి. ధరలో ఏమేం కలిశాయో, మానుకుంటే ఎంత పోతుందో రాయించుకోండి. డబ్బు వ్యక్తి నంబరుకు కాకుండా సంస్థ ఖాతాకే కట్టండి. విదేశపు రేవులకు వెళ్ళే ఓడ అయితే పాస్‌పోర్టు గడువు ఎంత ఉండాలో, వీసా కావాలో లేదో ముందే అడగండి.

ఇంత చేసినా మోసపోతే ఏడుస్తూ కూర్చోకండి. 1915 నంబరుకు ఫోన్ చేస్తే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ వారు దారి చెబుతారు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం ఏజెంటు ఏ ఊళ్ళో ఉన్నా, మనం ఉండే జిల్లా కమిషన్‌లోనే ఫిర్యాదు చేసుకోవచ్చు. మనం చెల్లించిన సొమ్ము ఐదు లక్షల లోపయితే రుసుము కూడా లేదు. 2018లో నా దగ్గర పనికొచ్చే కాగితం ఒక్కటుంటే నేనూ వదిలేదాన్ని కాదు.

మరొక్క మాట. నలుగురి డబ్బు మీ చేతిలో ఉంటే, నిర్ణయం కూడా నలుగురి చేతా చేయించండి. ఎవరి రసీదు వారి రవికలో ఉండాలి. అప్పుడు ఏదైనా తేడా వచ్చినా ఒకరినొకరు నిందించుకోకుండా, కలిసి వెళ్ళి అడగొచ్చు.

మేడమీద చెల్లెలికి మగపిల్లాడు పుట్టాడు. మా యాత్రల డబ్బాలో మళ్ళీ నెలకు 500 పడుతున్నాయి. ఈసారి పోస్టాఫీసు పుస్తకం నలుగురికీ విడివిడిగా ఉంది. ఎక్కడికి పోవాలన్నది ఇంకా తేలలేదు. మీకేదైనా మంచి చోటు తోస్తే రాయండి. అన్నట్టు, ఏజెంటు ఎలాంటివాడో కూడా మర్చిపోకుండా రాయండేం!